పెళ్లికి డీజేని మాట్లాడుకునే ముందు

హాలు, క్యాటరింగ్, ఫొటోలు, డెకరేషన్ ఇవన్నీ ముహూర్తం ఖాయమైన వారంలోనే మాట్లాడేసుకుంటాం. డీజే దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఈవెంట్ వాళ్లే చూసుకుంటారులే" అనో, "మా తమ్ముడి ఫ్రెండ్ ఒకడున్నాడు" అనో వదిలేస్తాం. సంగీత్ రోజు మూడు గంటల పాటు మూడొందల మంది ఉత్సాహం అంతా ఆ ఒక్క మనిషి చేతిలో ఉంటుందని అప్పుడు గానీ అర్థం కాదు. కూరలో ఉప్పు కాస్త ఎక్కువైనా జనం సర్దుకుంటారు. వారాల తరబడి ప్రాక్టీస్ చేసిన పెళ్లికూతురు స్టేజీ మీద నిలబడ్డాక పాట మధ్యలో ఆగిపోతే దాన్ని ఎవరూ సర్దలేరు. అందుకే దీని గురించి నాకు తెలిసిందంతా రాస్తున్నా. ఎక్కువగా హైదరాబాద్, చుట్టుపక్కల జిల్లాల పెళ్లిళ్లు చూసి రాస్తున్నదే, ఆంధ్ర వైపు కూడా చాలావరకు ఇదే పద్ధతి.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. మీరు కంపెనీ పేరు చూసి, పేజీకి ఎంతమంది ఫాలోవర్లు ఉన్నారో చూసి బుక్ చేస్తారు, ఆ రోజు కన్సోల్ వెనక నిలబడేది మాత్రం వేరే కుర్రాడెవరో అవుతాడు. సీజన్‌లో ఒకే ముహూర్తానికి ఒక్కొక్కరు రెండు మూడు ఫంక్షన్లు ఒప్పుకుంటారు, అందరికీ ఒకే మనిషి రాలేడు కదా. కాబట్టి మొదటి ఫోన్‌లోనే అడగండి: "మా ఫంక్షన్‌లో స్వయంగా వాయించేది ఎవరు? ఆయనతో నేను మాట్లాడొచ్చా?" దీనికి సూటిగా జవాబు రాకపోతే ఎంత తక్కువ రేటు చెప్పినా వేరే చోట చూసుకోవడం మంచిది.

ఏ ఫంక్షన్‌కి ఏం కావాలి

"పెళ్లికి డీజే కావాలి" అని ఒక్క ముక్కలో చెప్తే అవతలివాళ్లు కూడా ఒక్క ముక్కలో రేటు చెప్తారు. మీ ఇంట్లో ఎన్ని ఫంక్షన్లు, ఏది ఎక్కడ, ఎన్ని గంటలకి అని విడదీసి రాసుకోండి, ఎందుకంటే ఒక్కోదానికి కావాల్సింది పూర్తిగా వేరు.

హల్దీ పగటిపూట, మేడ మీదో అపార్ట్‌మెంట్ లాన్‌లోనో అవుతుంది. జనం తక్కువ, స్టాండ్ల మీద రెండు స్పీకర్లు పెడితే సరిపోతుంది, పెద్ద సెటప్ అక్కర్లేదు. ఇక్కడ చూసుకోవాల్సింది కరెంటు. పసుపు నీళ్లు బిందెలతో పోసుకుంటారు, ఈ మధ్య రెయిన్ డాన్స్ కూడా పెడుతున్నారు, పిల్లలు తడి కాళ్లతో వైర్ల మీదుగా పరిగెడుతుంటారు. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద ఉండకూడదు, వైర్లు జనం తిరిగే దారిలో ఉండకూడదు, లీకేజీ ఉంటే వెంటనే ట్రిప్ అయ్యే బ్రేకర్ ఉన్న లైన్ నుంచే కరెంటు తీసుకోవాలి. ఎండలో ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతుంది, డీజే టేబుల్‌కి నీడ ఉండేలా డెకరేషన్ వాళ్లకి ముందే చెప్పండి.

అసలు పరీక్ష సంగీత్‌లో ఉంటుంది. స్టేజీ మీద వరసగా డాన్సులు, మధ్యలో యాంకర్ మాటలు, పెద్దవాళ్ల ఆశీర్వాదాలు, ఆ తర్వాత అందరూ ఎక్కి ఆడటం. పాటలు కలపడం బాగా వచ్చినవాడైనా ప్రోగ్రాం వరస పట్టుకుని నడిపించడం రాకపోతే ఇక్కడ తేలిపోతాడు. డబ్బు ఎక్కడైనా పెట్టాలంటే ఈ రాత్రికే పెట్టండి.

పెళ్లి సమయంలో డీజే అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. సన్నాయి, డోలు ఉన్నచోట ఇంకో సౌండ్ ఎందుకు? మంత్రాలకి పురోహితుడి దగ్గర ఒక మంచి మైకు, మేళం వాళ్లకి రెండు మైకులు, చాలు. మన దగ్గర చాలా పెళ్లిళ్లలో సాయంత్రం రిసెప్షన్ అయ్యి అదే హాల్లో రాత్రి ముహూర్తం ఉంటుంది, అక్కడే గొడవ వస్తుంది. జీలకర్ర బెల్లం టైమ్ అవుతున్నా అటుపక్క లాన్‌లో ఫ్రెండ్స్ ఇంకా ఆడుతుంటారు. పురోహితుడు చేత్తో సైగ చేసి "గట్టిమేళం" అన్నప్పుడు వినపడాల్సింది మేళం ఒక్కటే. ముహూర్తానికి అరగంట ముందే డీజే పూర్తిగా ఆపేయాలని ముందుగానే మాట తీసుకోండి, ఆపించే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. అప్పగింతల టైమ్‌లో కూడా అంతే, దయచేసి విషాద పాటలు పెట్టించొద్దు, ఏడ్చేవాళ్లు పాట లేకపోయినా ఏడుస్తారు.

రిసెప్షన్‌కి కావాల్సింది సన్నగా వినపడే పాట. జనం స్టేజీ దగ్గర లైన్‌లో నిలబడతారు, పదేళ్ల తర్వాత కలిసిన చుట్టాలు మాట్లాడుకుంటారు, భోజనాల దగ్గర పక్కవాళ్ల మాట వినపడాలి. భోజనాల వైపు ఉన్న స్పీకర్లు విడిగా తగ్గించే ఏర్పాటు ఉందా అని అడగండి.

ఓణీల ఫంక్షన్, మొదటి పుట్టినరోజు, షష్టిపూర్తి లాంటివాటికి ఒక మంచి మైకు, మాటకారి యాంకర్, ఓ మోస్తరు సౌండ్ ఉంటే చాలు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో అయితే సొసైటీ వాళ్ల టైమింగ్స్ రాతపూర్వకంగా తీసుకోండి.

మనిషిని ఎలా పట్టుకోవాలి

మంచి డీజే అని గుర్తుపట్టడానికి నేను చూసే మొదటి గుర్తు ఏంటంటే, అతను మనల్ని ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నాడు అని. ఎంతమంది వస్తారు, అందులో పెద్దవాళ్లు ఎక్కువా కుర్రాళ్లు ఎక్కువా, రెండు వైపుల వాళ్లూ తెలుగువాళ్లేనా, డాన్సులు ఎన్ని, ఒక్కోటి ఎంతసేపు, కొరియోగ్రాఫర్ ఉన్నారా, యాంకర్ ఎవరు, ఏ పాటలు అస్సలు వద్దు, హాల్లో మూడు ఫేజుల కరెంటు ఉందా, ఎన్నింటికి ఆపేయాలి. ఇవన్నీ అడిగేవాడు మీ ఫంక్షన్‌ని మనసులో నడిపించుకుంటున్నాడని అర్థం. "ఎక్కడ సార్, ఎన్ని గంటలు సార్" అని రెండు మాటలడిగి రేటు చెప్పేవాడు బాక్సులు అద్దెకి ఇచ్చే మనిషి, దానికైతే అతను సరిపోవచ్చు.

రీల్స్ చూసి నిర్ణయించుకోవద్దు. రీల్‌లో కనపడేది ఆ రాత్రి మొత్తంలో అందరూ ఎగురుతున్న పదిహేను సెకన్లు, దాని మీద పాట కూడా తర్వాత ఎడిటింగ్‌లో అతికించిందే, హాల్లో సౌండ్ ఎలా ఉందో అందులో తెలియదు. ఎవరైనా అతిథి ఫోన్‌లో తీసిన వీడియో, ఎడిట్ చేయనిది, పది నిమిషాలది ఉంటే పంపమనండి. అందులో పాట మారే చోట జాగ్రత్తగా చూడండి. పాట మారగానే జనం కాళ్లు ఆగాయా? ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకుని పక్కకి వెళ్లిపోతున్నారా? లేక దరువు తెగకుండా కొత్త పాటలోకి వెళ్లిపోయారా? తీన్మార్ నుంచి హిందీ పార్టీ పాటకి, అక్కడి నుంచి తొంభైల నాటి తెలుగు పాటకి మారడం అంత తేలిక కాదు, ఒక్కోదాని నడక ఒక్కోలా ఉంటుంది. దాన్ని జనానికి తెలియకుండా దాటించేవాడే పనివాడు. ప్రతి పాట మీదా మైకు పట్టుకుని అరుస్తూ ఉంటే, మీ ఫంక్షన్‌లో కూడా అరుస్తాడని ముందే తెలిసినట్టు.

ఇంకోటి, రెండు వైపుల వాళ్ల గురించి అతనికి అవగాహన ఉండాలి. అమ్మాయి వాళ్లది భీమవరం, అబ్బాయి వాళ్లది కరీంనగర్ అనుకోండి. భీమవరం వాళ్లు మాస్ సినిమా పాట పడితే కుర్చీలోంచి లేస్తారు, కరీంనగర్ మేనత్తలు, చిన్నమ్మలు జానపదం పడితేనే లేస్తారు. గంటసేపు ఒక వైపు పాటలే వేస్తే రెండో వైపు వాళ్లు చిన్నబుచ్చుకుంటారు, ఆ మాట తర్వాత వియ్యపురాలి నోటి నుంచి వస్తుంది. ఈ కాలం పెళ్లిళ్లలో తమిళ కోడళ్లు, మార్వాడీ అల్లుళ్లు, అమెరికా నుంచి వచ్చిన కజిన్స్ కూడా ఉంటారు. "ఫలానా భాష వాళ్లు నలభై మంది వస్తున్నారు, ఏం వేస్తారు?" అని అడిగితే కొన్ని పాటల పేర్లు అప్పటికప్పుడు చెప్పగలగాలి.

పెద్దవాళ్లని మొదట ఆడించే డీజే నాకు చాలా నచ్చుతాడు. రాత్రి ఎనిమిదింటికి బామ్మలు, మేనమామలు మెలకువగా, హుషారుగా ఉంటారు, అప్పుడు డెబ్భైల, ఎనభైల నాటి పాటలు నాలుగు పడితే వాళ్లూ ఫ్లోర్ మీదికి వస్తారు. వాళ్లు కాసేపు ఆడి సంతోషంగా భోజనానికి వెళ్లాక కుర్రాళ్ల పాటలు ఎంతసేపైనా వేసుకోవచ్చు. మొదటి పాటే చెవులు పగిలేలా వేస్తే పెద్దవాళ్లు వెనక వరసల్లోకి వెళ్లిపోయి ఇక ముందుకి రారు.

సరంజామా సంగతి

యూట్యూబ్‌లోంచి పాటలు వేసేవాడిని డీజే అనుకోకండి. హాల్లో సిగ్నల్ పోతే పాట పోతుంది, మధ్యలో ప్రకటన వస్తుంది. పాటలన్నీ తన దగ్గర మంచి క్వాలిటీలో ఉండాలి, ఇంటర్నెట్ లేకుండా నడవాలి. పయనీర్ లాంటి కంపెనీల కంట్రోలర్ (పాటలు కలిపే మిషన్), దానికి రెకార్డ్‌బాక్స్, సెరాటో, వర్చువల్ డీజే లాంటి సాఫ్ట్‌వేర్ మామూలుగా వాడతారు. ఏ మోడల్ అనేది మీకు అంత ముఖ్యం కాదు. ల్యాప్‌టాప్ ఆగిపోతే ఏం చేస్తారు అన్న ప్రశ్నకి జవాబు ముఖ్యం. రెండో ల్యాప్‌టాప్ గానీ, అవే పాటలున్న పెన్‌డ్రైవ్ గానీ సిద్ధంగా ఉండాలి.

సౌండ్ గురించి "పది వేల వాట్లు, ఇరవై వేల వాట్లు" అంటారు. ఆ అంకెల్ని పట్టించుకోకండి, ఒక్క క్షణం మాత్రమే ఇవ్వగల గరిష్ఠ శక్తిని చూపించి కూడా అలా చెప్పొచ్చు. ఏ కంపెనీ బాక్సులు, టాప్‌లు (మాట, పాట వినిపించే పై బాక్సులు) ఎన్ని, బేస్‌లు (దరువు మోగించే పెద్ద బాక్సులు) ఎన్ని, అని అడిగి రాసుకోండి. రెండు మూడొందల మంది పట్టే హాల్లో రెండు మంచి టాప్‌లు, రెండు పద్దెనిమిది అంగుళాల బేస్‌లు మామూలుగా సరిపోతాయి. ఓపెన్ లాన్‌లో గోడలు ఉండవు కాబట్టి అదే జనానికి ఇంకాస్త ఎక్కువ కావాలి. టైల్స్, అద్దాలు ఉన్న హాల్లో మాత్రం పెద్ద సెటప్ పెట్టేకొద్దీ సౌండ్ గోడలకి కొట్టుకుని మాట కూడా అర్థం కాకుండా పోతుంది. వీలైతే డీజేని హాలు చూసి రమ్మనండి, లేదా హాలు వీడియో తీసి పంపండి. లిఫ్ట్‌లో బాక్సులు పడతాయో లేదో కూడా అప్పుడే తేలుతుంది, నాలుగో అంతస్తు హాలుకి బేస్ బాక్సులు మెట్ల మీద మోయాల్సి వస్తే సెటప్ ఆలస్యం అయినట్టే.

చాలామంది మర్చిపోయేది స్టేజీ మానిటర్. మెయిన్ స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి, స్టేజీ మీద ఆడేవాళ్లకి సౌండ్ హాలు చివర గోడకి తగిలి వెనక్కి వచ్చి కాస్త ఆలస్యంగా వినపడుతుంది, అందుకే ఇంట్లో బాగా చేసిన డాన్స్ స్టేజీ మీద తాళం తప్పుతుంది. ఆడేవాళ్ల వైపు తిప్పిన స్పీకర్ ఒకటైనా ఉండాలని అడగండి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. అలాగే కార్డ్‌లెస్ మైకులు కనీసం రెండు, కొత్త బ్యాటరీలతో. తాతగారు ఆశీర్వాదం చెప్తుంటే మైకు గరగరలాడకూడదు.

డబ్బు తగ్గించుకోవాలంటే లైట్ల దగ్గర తగ్గించుకోండి. షార్పీలు, అంటే సన్నటి వెలుగు కిరణాలు తిప్పే లైట్లు, నాలుగు తక్కువైనా ఎవరికీ తెలియదు, ఎల్ఈడీ వాల్ కూడా చాలా ఫంక్షన్లకి అవసరం లేదు. ఆపరేటర్ దగ్గర, మైకుల దగ్గర, బ్యాకప్ దగ్గర తగ్గించుకోవద్దు. పొగ మిషన్ పెట్టేముందు ఆస్తమా ఉన్న పెద్దవాళ్లని గుర్తుచేసుకోండి, హోటళ్లలో దానివల్ల ఫైర్ అలారం కూడా మోగుతుంది. ఇక నిప్పురవ్వల మిషన్లు, కోల్డ్ పైరో అంటారు కదా, పేరులో కోల్డ్ ఉన్నంత మాత్రాన గుడ్డ తెరలు, ఎండు పూల అలంకరణ పక్కన పెట్టేయకూడదు. 2023 సెప్టెంబరులో ఇరాక్‌లోని ఖరాఖోష్‌లో ఒక పెళ్లి హాల్లో లోపల వెలిగించిన బాణసంచా పైకప్పు అలంకరణకి అంటుకుని వంద మందికి పైగా చనిపోయారు. హాలు వాళ్ల అనుమతి లేకుండా, మంట ఆర్పే సిలిండర్ దగ్గర లేకుండా ఇలాంటివి పెట్టించొద్దు. హాల్లోపల అయితే అసలు వద్దనే నేనంటాను.

సౌండ్ ఎంత, ఎప్పటిదాకా

వినికిడి నిపుణులు మామూలుగా చెప్పే లెక్క ఇది: 85 డెసిబెల్స్ సౌండ్‌ని రోజుకి 8 గంటలు భరించవచ్చు, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి తగ్గిపోతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకి పెట్టిన ప్రమాణంలో కూడా గరిష్ఠ సగటు 100 డెసిబెల్సే. ఫోన్‌లో డెసిబెల్ చూపించే యాప్ ఉంటుంది, కచ్చితంగా కాకపోయినా అంచనాకి పనికొస్తుంది. పసిపిల్లలున్న వాళ్లని, పెద్దవాళ్లని బేస్ బాక్సుల పక్క టేబుళ్ల దగ్గర కూర్చోబెట్టకండి. టాప్‌లు మనుషుల తల కంటే ఎత్తులో ఉండేలా కట్టించండి, అప్పుడు ముందు వరస చెవులు పగలకుండా వెనక వరస దాకా వినపడుతుంది.

చట్టం సంగతి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000 నుంచి ఉన్నాయి. వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్ స్పీకర్లు నడపకూడదు. మూసి ఉన్న బాంక్వెట్ హాళ్లు, కమ్యూనిటీ హాళ్ల లోపలికి మినహాయింపు ఉంది కానీ లాన్‌కి, మేడకి, వీధికి లేదు. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలుంది. పక్కన ఆసుపత్రి ఉన్న హాలు అయితే బుక్ చేసే ముందే ఆలోచించండి.

పది గంటల నిబంధన లాన్‌లో పెట్టుకునే మన ఫంక్షన్ల మీద నిజంగా ఎలా పడుతుందో చూడండి. కార్డులో సంగీత్ ఏడింటికి అని వేస్తాం, జనం ఎనిమిదింటికి వస్తారు, పెళ్లికూతురు మేకప్ అయ్యేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది, డాన్సులు అయ్యేసరికి పదవుతుంది, అందరూ ఆడదాం అనుకునే సమయానికి హాలు మేనేజర్ వచ్చి ఆపేయమంటాడు. అప్పుడు డీజే మీద, హాలు వాళ్ల మీద అరుచుకోవడం తప్ప ఏమీ ఉండదు. కార్డులో ఆరింటికి అని వేయండి, ఏడుంబావుకి మొదటి డాన్స్ మొదలుపెట్టండి, ఎనిమిదీ ముప్పావుకి స్టేజీ ప్రోగ్రాం ముగించి పది దాకా ఫ్లోర్ అందరికీ వదిలేయండి. మేకప్ ఆర్టిస్ట్‌ని గంట ముందు రమ్మంటే ఇది జరుగుతుంది.

పాటల హక్కుల పేరుతో హోటళ్లు, రిసార్టులు లైసెన్స్ తెమ్మంటాయి. కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(జెడ్‌ఏ)లో పెళ్లి ఊరేగింపుకి, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలకి మినహాయింపు ఉంది. 2023 జులై 24న కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల ప్రోత్సాహక విభాగం ఇదే విషయాన్ని స్పష్టం చేస్తూ నోటీసు కూడా ఇచ్చింది. ఆ నోటీసు ప్రింట్ తీసి దగ్గర పెట్టుకుంటే మాట్లాడటం తేలిక. పుట్టినరోజు పార్టీలు, ఆఫీసు పార్టీలు మాత్రం ఈ పెళ్లి మినహాయింపు కిందికి రావు, హోటల్లో పెట్టుకుంటే లైసెన్స్ ఎవరు కడతారో ముందే తేల్చుకోండి. ఇది కాక కొన్ని హాళ్లు బయట డీజేని తెస్తే విడిగా డబ్బు తీసుకుంటాయి, అడ్వాన్స్ ఇచ్చే ముందే అడగాల్సిన మాట అది.

బరాత్

తెలంగాణలో బరాత్ లేని పెళ్లి ఉందా అంటారు. డీసీఎం బండి మీద బాక్సులు పేర్చి, ట్రస్ అనే లోహపు చట్రం కట్టి, లైట్లు పెట్టి, వెనకాల జనరేటర్‌తో ఊరంతా తిప్పుతారు. దానికి మనుషులు ఎంత మురిసిపోతారో నాకు తెలుసు. అయినా రాత్రి పదకొండింటికి సందుల్లో ఆ బేస్ కొడితే ఇళ్లలో అద్దాలు అదురుతాయి, గుండె జబ్బున్న ముసలివాళ్లు, బాలింతలు ఆ ఇళ్లలోనే ఉంటారు. ట్రస్ ఎత్తు కరెంటు తీగలకి తగలకుండా ఉందా అనేది ప్రాణాల మీదికి వచ్చే విషయం, ఊరేగింపు దారంతా పగలే ఒకసారి నడిచి చూసుకోండి. హైదరాబాద్ నగర పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు. అది పెళ్లి బరాత్‌ల కోసం ఇచ్చింది కాకపోయినా రోడ్డు మీది డీజే విషయంలో పోలీసులు గట్టిగా ఉంటున్నారు, అందుకని మీ స్టేషన్‌కి వెళ్లి అనుమతి అడిగాకే బండి మాట్లాడుకోండి.

నన్నడిగితే బరాత్‌కి డప్పులు పెట్టించండి. లేదా హైదరాబాద్‌లో అయితే మార్ఫా. నిజాం కాలంలో అరబ్బులు, సిద్దీలతో వచ్చి ఈ ఊరిదైపోయిన వాయిద్యం అది. పదిమంది డప్పులు పట్టుకుని మీ ముందు వాయిస్తుంటే ఏ బాక్సూ ఇవ్వలేని ఊపు వస్తుంది, ఆడేవాళ్లని చూసి వాళ్లు దరువు మారుస్తారు, కళాకారుల ఇంటికి నాలుగు రూపాయలు కూడా వెళ్తాయి.

పాటల పని మీదే

డీజే ఎంత మంచివాడైనా మీరు సగం పని చేసి ఇవ్వాలి. డాన్సు పాటలన్నీ కట్ చేసి, ఒక్కోటి రెండు నిమిషాలకి మించకుండా, ఫైలు పేరు ముందు నంబరు వేసి పంపండి: 01 పెళ్లికూతురి ఫ్రెండ్స్, 02 బాబాయి పిన్ని, ఇలా. వాట్సాప్‌లో వచ్చిన వీడియోలోంచి తీసిన పాట పెద్ద స్పీకర్లలో రేకు డబ్బాలా మోగుతుంది. ఒరిజినల్ పాట నుంచి కట్ చేసి, గూగుల్ డ్రైవ్‌లో గానీ వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా గానీ పంపండి, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ మీ దగ్గర కూడా ఉంచుకోండి. ప్రతి పాట పక్కన ఒక్క ముక్క రాయండి, వాళ్లు స్టేజీ మీద నిలబడ్డాక పాట మొదలవ్వాలా, పాట మొదలయ్యాక నడుచుకుంటూ రావాలా అని. ఎక్కువ గందరగోళం జరిగేది ఇక్కడే. ఈ లిస్టు రెండు రోజుల ముందే అందాలి, ఫంక్షన్ సాయంత్రం ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పంపిస్తాం అంటే ఎంత ఓపికున్న డీజే అయినా ఏం చేయలేడు.

వద్దన్న పాటల లిస్టు కూడా ఇవ్వండి, అది ఇంకా ముఖ్యం. పెద్దల ముందు ఇబ్బంది పెట్టే పాటలు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు పార్టీల పాటలు, కులాల పేర్లు పెట్టిన పాటలు, హీరోల అభిమానులు జెండాలు పట్టుకునే పాటలు వద్దని గట్టిగా చెప్పండి. ఒకరు ఒక నాయకుడి పాట వేయిస్తే రెండో వైపు కుర్రాళ్లు వచ్చి వాళ్ల నాయకుడి పాట అడుగుతారు, మందు కూడా ఉంటే అది చేతుల దాకా వెళ్తుంది. పెళ్లి ఇంటి పేరు పోలీస్ స్టేషన్‌కి ఎక్కడం ఎవరికి కావాలి?

ఆ రాత్రి డీజేకి ఏం చెప్పాలన్నా ఒక్క మనిషే చెప్పాలి. పెళ్లికూతురి అన్నయ్యో, నిదానంగా మాట్లాడే కజినో. బావగారు వచ్చి ఒక పాట, మేనమామ వచ్చి ఇంకో పాట, పిల్లలు వచ్చి మరోటి అడుగుతుంటే అతను ఎవరిని కాదనగలడు? "ఫలానా వాళ్లని అడగండి" అని చెప్పుకునే వీలు అతనికి మనమే కల్పించాలి.

మాట, డబ్బు

ఆషాఢం, మూఢాలు వచ్చినప్పుడు డీజేలు ఖాళీగా ఉంటారు, శ్రావణం, మాఘం ముహూర్తాలకి ఒక్కరూ దొరకరు. ముహూర్తం ఖాయమైన వెంటనే మాట్లాడుకోండి, రెండు మూడు నెలల ముందైతే మనకి నచ్చినవాళ్లని ఎంచుకునే వీలుంటుంది. "ఆ రోజు మీకు ఇంకో ప్రోగ్రాం ఉందా?" అని తప్పకుండా అడగండి. పగలు ఒక హల్దీ చేసి అదే బాక్సులు విప్పి మన సంగీత్‌కి తెస్తానంటే, అక్కడ ఆలస్యమైతే ఇక్కడ టెన్షన్ మనది.

నోటి మాట మీద ఆగకుండా వాట్సాప్‌లో అయినా రాసి పంపించుకోండి. తేదీ, హాలు పేరు, సెటప్ ఎన్నింటికల్లా పూర్తవ్వాలి, ఎన్ని గంటలు వాయిస్తారు, ఎవరు వాయిస్తారు, ఆయనకి ఒంట్లో బాగోకపోతే బదులు ఎవరు, బాక్సులు, లైట్లు, మైకులు ఎన్నెన్ని, జనరేటర్ ఎవరిది, డీజిల్ ఎవరిది, రవాణా కలిపేనా, టైమ్ దాటితే గంటకి ఎంత. ఈ చివరిది రాసుకోకపోతే అర్ధరాత్రి బేరం ఆడాల్సి వస్తుంది. రేట్లు పోల్చేటప్పుడు కూడా ఈ లిస్టు పక్కపక్కన పెట్టి చూడండి, తక్కువ అనిపించిన దాంట్లో జనరేటర్, మైకులు విడిగా ఉండొచ్చు. అడ్వాన్స్ సగం దాటి ఇవ్వకండి, మిగతాది ప్రోగ్రాం అయిన రాత్రే ఇచ్చేయండి, రేపు మాపు అని తిప్పకండి, వాళ్లకీ లోడింగ్ కుర్రాళ్లకి అదే రాత్రి కూలి ఇవ్వాల్సి ఉంటుంది.

ఫంక్షన్‌కి కనీసం గంట ముందు, జనం రాకముందే సౌండ్ చెక్ అవ్వాలి. మీ పెన్‌డ్రైవ్‌లో పాటలన్నీ ఒక్కోటి పది సెకన్లు వేయించి వినండి, రెండు మైకుల్లోనూ మాట్లాడి చూడండి, జనరేటర్ మీదికి ఒకసారి మార్చి చూడమనండి. సామాను దించే కుర్రాళ్లు మధ్యాహ్నం రెండింటికి వచ్చి రాత్రి ఒంటిగంట దాకా ఉంటారు, క్యాటరింగ్ వాళ్ల ప్లేట్ల లెక్కలో వాళ్లని కూడా కలపండి. డీజేకి, లైట్ల ఆపరేటర్‌కి డాన్సులు మొదలవ్వకముందే, ఏడింటికల్లా భోజనం పెట్టించేయండి.